జిమ్నీ టైర్లు మార్చే వేళ: తారు మీద తిరిగే బండికి హెచ్‌టీయే మేలు

మారుతి జిమ్నీతో పాటు వచ్చిన టైర్లు అరిగిపోయాక ఏవి వేయించాలి? 2023 జూన్‌లో ఈ బండి మార్కెట్లోకి వచ్చినప్పుడు కొన్నవాళ్లలో చాలామందికి ఇప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతోంది. నా జవాబు ముందే చెప్పేస్తాను. మీ తిరుగుడులో ఎక్కువ భాగం తారు రోడ్డు మీదే అయితే, కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 కొలతలోనే (195 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 80 శాతం పక్క ఎత్తు, 15 అంగుళాల రిమ్ము), మళ్లీ హెచ్‌టీ రకమే, అంటే రహదారి టైరే, వేయించండి. నేను అలాగే చేశాను. బ్రిడ్జ్‌స్టోన్ డ్యూలర్ హెచ్‌టీ, స్టెప్నీతో కలిపి ఐదూ కొత్తవి. మొంథా తుఫాను వానల్లో కూడా వాటి మీదే తిరిగాక ఇది రాస్తున్నాను.

నేను పశువైద్యురాలిని. ఇల్లు అనకాపల్లిలో. పాడి రైతుల కోసం చోడవరం, మాడుగుల వైపు వెళ్తుంటాను. అప్పుడప్పుడు మాడుగుల దాటి ఘాట్ ఎక్కి పాడేరు వెళ్లాల్సి వస్తుంది. మందుల కోసం 16వ నంబరు జాతీయ రహదారి మీద విశాఖపట్నం వెళ్లిరావడం మామూలే. వీటన్నిటి చివర ఒక కిలోమీటరో రెండు కిలోమీటర్లో మట్టిబాట ఉంటుంది, లేదంటే చెరకు తోట పక్కన గట్టు. ఆ కిలోమీటరు కోసమే నేను నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందే బండి కొన్నాను. కానీ రోజు మొత్తంలో పదింట తొమ్మిది వంతులు తారు మీదే గడుస్తుంది. టైరు ఎంచుకునేటప్పుడు ఈ తొమ్మిది వంతుల్ని మరచిపోయి మిగిలిన ఒక్క వంతు గురించే మాట్లాడుకోవడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ప్రాణాపాయం ఉన్నది ఆ తొమ్మిది వంతుల్లోనే. బురదలో బండి ఇరుక్కుంటే ట్రాక్టరు పిలిచి లాగించుకుంటాం. తడి తారు మీద ఆగాల్సిన చోట బండి ఆగకపోతే పిలవడానికి ఎవరూ ఉండరు.

మా వైపు తారు రోడ్డంటే ఏమిటో కూడా చెప్పాలి. చెరకు నరికే కాలంలో తోటల్లోంచి రోడ్డెక్కే ట్రాక్టర్లు చక్రాలకు అంటుకున్న మట్టిని రోడ్డు మీదే విదిలించి పోతాయి. దాని మీద చెరకు ఆకు పడుతుంది, ఆపైన మంచు కురుస్తుంది. తెల్లవారుజామున ఒక గేదెకు ఈత కష్టమైందని ఫోను వస్తే ఆ రోడ్డు మీదే వెళ్లాలి. ఇంకో గేదె ఏ గట్టు మీద నుంచి రోడ్డెక్కుతుందో తెలియదు. పాడేరు ఘాట్‌లో మలుపుల దగ్గర రాలిన ఆకులు తడిసి తారుకు అతుక్కుని ఉంటాయి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టిన ప్రతిసారీ మనల్ని ఆపేది ఆ నాలుగు టైర్ల కింద ఉన్న కొద్దిపాటి రబ్బరే.

ఇక రకాల సంగతి. హెచ్‌టీ అంటే రహదారి కోసం చేసిన టైరు, ఏటీ అంటే అన్ని రకాల నేలకూ సర్దుకునేది, ఎంటీ అంటే బురద కోసం చేసినది. దుకాణంలో మూడింటినీ పక్కపక్కన పెట్టించుకుని చేత్తో తాకి చూడండి, పుస్తకంలో చదివిన దానికన్నా ఎక్కువ తెలుస్తుంది. హెచ్‌టీ టైరు మీద రబ్బరు పట్టీలు చుట్టూ దాదాపు తెగకుండా సాగుతాయి, వాటి మధ్య నీరు పోవడానికి గాడులుంటాయి. పట్టీలను దగ్గరగా చూస్తే బ్లేడుతో కోసినట్టు సన్నని చీలికలు కనిపిస్తాయి. బొటనవేలితో నొక్కితే ఆ చీలికలు కాస్త తెరుచుకుంటాయి. తడి తారు మీద పని చేసేవి అవే. ఒక్కో చీలిక అంచు రోడ్డు మీది పలుచని నీటి పొరను తుడిచి, రబ్బరును తారుకు తాకిస్తుంది. అదే ఎంటీ టైరు మీద అగ్గిపెట్టెల్లాంటి గట్టి దిమ్మెలుంటాయి. వాటి మధ్య చాలా ఖాళీ. బురద ఆ ఖాళీలోకి వెళ్లి, చక్రం తిరిగేటప్పుడు బయటికి ఎగిరిపోవాలని ఆ ఏర్పాటు. బురదలో అది గొప్పగా పని చేస్తుంది. తారు మీదకు వస్తే, ఖాళీగా ఉన్నంత మేరా నేలను తాకే రబ్బరు తగ్గినట్టే. రబ్బరు మిశ్రమం కూడా రాళ్లకు చిట్లకుండా ఉండాలని చేసింది కాబట్టి తడి తారును పట్టుకోవడంలో వెనకబడుతుంది. చీలికలు చాలా తక్కువ.

నా మేనల్లుడిదీ జిమ్నీయే, ఇద్దరివీ మాన్యువల్ గేర్లే. కొన్న ఏడాదిలోనే 235/75 ఆర్15 కొలతలో ఎంటీ టైర్లు వేయించాడు. ఏ కంపెనీవన్నది అనవసరం. ఇక్కడ చెప్పేది ఆ రకం టైరు గురించి. వాడి వాదన ఇది: "అత్తా, వాటి గాడులు ఎంత లోతో చూశావు కదా. నీళ్లన్నీ పక్కకు తోసేస్తాయి." అందులో సగం నిజముంది. నిలిచిన నీటి మీద వేగంగా వెళ్తే లోతైన గాడులు నీటికి దారిస్తాయి, టైరు నీటి మీద తేలిపోయే ప్రమాదం తగ్గుతుంది. కానీ మన రోడ్ల మీద ఎక్కువసేపు ఉండేది నిలిచిన నీరు కాదు, పలుచని తడి. ఆ తడి మీద ఆగడానికి కావలసింది లోతైన గాడి కాదు, మెత్తని రబ్బరు, ఎక్కువ అంచులు.

మాటలతో తేలేది కాదని ఒక వాన తెరిపిలో సబ్బవరం వైపు ఇళ్లు ఇంకా లేని ఒక లేఅవుట్‌లో, ఖాళీ తారు రోడ్డు మీద రెండు బండ్లనూ నడిపి చూశాం. ముందు టైర్లలో గాలి సరిచేసుకున్నాం. వేగం మాత్రం స్పీడోమీటర్లను నమ్మకుండా ఫోనులో జీపీఎస్ చూసి కలిపాం, అది ఎందుకో తర్వాత చెబుతాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఒక హద్దు రాయి దగ్గర బ్రేకు పూర్తిగా తొక్కాలి. ఇద్దరం రెండు బండ్లూ మార్చి మార్చి నడిపాం, డ్రైవర్ తేడా ఉండకూడదని. ఎవరు నడిపినా ఫలితం ఒకటే. నా బండి ఆగిన చోటు దాటి, దాదాపు ఒక బండి పొడవు ముందుకు వెళ్లి గానీ వాడి బండి ఆగలేదు. ఏబీఎస్, అంటే బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, రెండింటికీ ఉంది. ఎంటీ బండిలో అది పాదం కింద చాలాసేపు కొట్టుకుంటూనే ఉంది. హెచ్‌టీ బండిలో ఒకటి రెండు సార్లు కదిలి ఊరుకుంది. మేనల్లుడు కిందికి దిగి, ఆగిన రెండు చోట్ల మధ్య నడిచి చూసుకున్నాడు. ఆ తర్వాత వాదించలేదు.

ఇప్పుడు కొలతల విషయం, ఎందుకంటే టైరు రకం కన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. 195/80 ఆర్15 టైరు నిలువెత్తు సుమారు 693 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 అయితే 733 దాటుతుంది. అంటే దాదాపు 6 శాతం పెద్ద చక్రం. స్పీడోమీటర్‌కు ఆ సంగతి తెలియదు. అది పాత చక్రం లెక్కనే 100 చూపిస్తుంటే బండి దాదాపు 106కి సమానమైన దూరం దాటుతూ ఉంటుంది. మా పరీక్షలో జీపీఎస్ చూడడానికి కారణం ఇదే. ఇంత మార్పుకూ బండి కింద ఎత్తు పెరిగేది అందులో సగమే, 20 మిల్లీమీటర్లు. జిమ్నీకి ముందే 210 మిల్లీమీటర్ల ఎత్తుంది. మరోవైపు, ఇంజిను చిన్నది: 1.5 లీటర్ల పెట్రోలు, 105 పీఎస్ బలం, 134 న్యూటన్ మీటర్ల తిప్పే శక్తి. చక్రం పెద్దదైతే గేర్లన్నీ సాగదీసినట్టవుతాయి. మేనల్లుడి బండి పాడేరు ఘాట్‌లో మూడో గేరుతో ఎక్కాల్సిన చోట రెండుకు దిగుతుంది. పెట్రోలు ఖర్చూ దానికి తగ్గట్టే పెరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం రిమ్ము. జిమ్నీ రిమ్ము వెడల్పు ఐదున్నర అంగుళాలు. 235 టైరుకు కనీసం ఆరు అంగుళాల రిమ్ము ఉండాలి. ఇరుకు రిమ్ము మీద వెడల్పాటి టైరు ఎక్కిస్తే అది ఉబ్బినట్టు కూర్చుంటుంది, మలుపులో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) పక్కకు వాలుతుంది, ట్రెడ్ (నేలను తాకే భాగం) మధ్యలో ముందు అరుగుతుంది. అమ్మేవాళ్లకు ఇది తెలియక కాదు. బండి ఎత్తుగా, మొరటుగా కనిపించాలన్న కుర్రాళ్ల ముచ్చట వాళ్లకు వ్యాపారం. ఒక్క మాట హెచ్చరించడానికి ఎందుకు నోరు రాదో నాకు అర్థం కాదు.

మార్చి తీరాలనుకునే వారికి 215/75 ఆర్15 ఉంది. ఎత్తు 703 మిల్లీమీటర్లకు కాస్త పైన, అంటే తేడా ఒకటిన్నర శాతమే. ఐదున్నర అంగుళాల రిమ్ముకు అది సరిపోతుంది. బొలెరోకు వాడే కొలత కాబట్టి చిన్న ఊళ్లో కూడా దొరుకుతుంది, ఇది చిన్న విషయం కాదు. పాడేరులో పనిచేసే నా సహాధ్యాయి తన జిమ్నీకి ఈ కొలతలోనే యోకోహామా జియోలాండర్ ఏటీ వేయించుకుంది. తను రోజూ వెళ్లే కొండ గ్రామాల దారుల్లో ఎర్రమట్టి, గులకరాళ్లు, వాగు దాటే చోట్లు ఉంటాయి. "నువ్వు కిందికి దిగినప్పుడు తారు వస్తుంది, నేను పైకి ఎక్కినప్పుడు తారు పోతుంది" అంది. తన ఎంపిక తన దారికి సరైనదే. ఆ బండిని నేను పాడేరు నుంచి చింతపల్లి దాకా నడిపాను. ఏటీ రకం అంటే ఎంటీలా హోరు పెడుతుందని భయపడేవాళ్లు భయపడనక్కర్లేదు. మాట్లాడుకోవడానికి అడ్డురాని సన్నని మోత ఉంటుంది, అంతే. దిమ్మెల మీద చీలికలు కూడా బాగానే ఉన్నాయి. రోజూ మట్టిదారి ఉంటే నేనూ అవే కొనేదాన్ని.

ఏటీ తీసుకునేవాళ్లు ఒక్క అక్షరాల జత చూసుకోవాలి. కొలతకు ముందు ఎల్‌టీ అని ఉంటే అది తేలికపాటి ట్రక్కుల కోసం గట్టి పొరలతో చేసిన టైరు. జిమ్నీ బరువు దాదాపు 1,200 కిలోలే. ఆ బరువు కింద ఎల్‌టీ సైడ్‌వాల్ లొంగదు. ప్రతి గుంతా నడుముకే తగులుతుంది, చక్రం బరువు పెరిగి స్టీరింగు మొద్దుబారుతుంది. మామూలు ప్రయాణికుల బండి రకమే అడిగి తీసుకోండి. నా హెచ్‌టీ మీద 96ఎస్ అని ఉంటుంది: 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుంది, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. మందుల పెట్టెలు, నలుగురు మనుషులు ఎక్కినా ఆ 710కి దరిదాపుల్లోకి కూడా వెళ్లం.

మరి హెచ్‌టీతో బురద మాటేమిటి? నిజం చెప్పాలంటే నల్లరేగడి తడిస్తే ఈ టైరు గాడులు నిమిషంలో పూడిపోతాయి. దున్నిన చేలోకి దింపితే ఇరుక్కుంటుంది, అక్కడికి దీనితో వెళ్లకూడదు. కానీ గట్టు దారి, మట్టిబాట, పాకుడు పట్టిన కాలిబాట వంటివైతే బండిలో ఉన్న ఏర్పాటే దాటిస్తుంది. నాలుగు చక్రాలకూ బలం అందించే 4హెచ్‌లో ముందే వేసుకోవాలి, జారడం మొదలయ్యాక కాదు. మరీ కష్టమైన చోట 4ఎల్ (అదే, తక్కువ వేగంతో ఎక్కువ లాగుడు ఇచ్చేది), రెండో గేరు, యాక్సిలరేటర్ మీద నిలకడైన కాలు. ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే దాన్ని బ్రేకుతో పట్టి బలాన్ని రెండో చక్రానికి పంపే ఏర్పాటు జిమ్నీలో ఉంది, దానికి ఒక్క క్షణం సమయమివ్వాలి. ఇంకా కావాలంటే గాలి 20 పీఎస్‌ఐ దాకా తగ్గించండి, టైరు నేల మీద పరుచుకుని పట్టు పెరుగుతుంది. తారు ఎక్కగానే మళ్లీ నింపాలి, ఈ రెండో సగం తప్పనిసరి. తక్కువ గాలితో తారు మీద పరుగెత్తితే సైడ్‌వాల్ లోపల వేడెక్కి టైరు పగులుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే గాలి పంపు నా బండిలో మందుల పెట్టె పక్కనే ఉంటుంది. ఎంత గాలి అన్నది డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉంటుంది, అదే ప్రమాణం. పొడి తారు మీద మాత్రం 4హెచ్ వాడకండి. ముందు, వెనక ఇరుసుల మధ్య తేడాను సర్దే డిఫరెన్షియల్ ఇందులో లేదు. మలుపుల్లో ఆ ఒత్తిడంతా గేర్ల మీద, టైర్ల మీద పడుతుంది. ఇదే కారణం వల్ల నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే కొలత, దాదాపు ఒకే అరుగుదలతో ఉండాలి. ముందు రెండు కొత్తవి, వెనక రెండు పాతవి అనే పొదుపు ఈ బండికి పనికిరాదు.

అందుకే నేను ఐదూ ఒకేసారి మార్చాను. చట్టం ప్రకారం ట్రెడ్ 1.6 మిల్లీమీటర్లకు తగ్గేదాకా నడపవచ్చు, గాడుల్లో ఉండే చిన్న దిమ్మ ఆ హద్దు చూపిస్తుంది. వానల ముందు నేను 3 మిల్లీమీటర్లకే మార్చేస్తాను, ఎందుకంటే అక్కడి నుంచి తడి మీద పట్టు చాలా వేగంగా పడిపోతుంది. నా పాత టైర్లు నలభై వేల కిలోమీటర్లు దాటాక ఆ స్థితికి వచ్చాయి. స్టెప్నీని కూడా కలిపి ప్రతి పది వేలకూ చోటు మార్పించడం వల్ల ఐదూ సమానంగా అరిగాయి.

గాజువాకలో నేను కొన్న దుకాణం పెద్దాయన గురించి రాయకపోతే నాకు తృప్తి ఉండదు. టైరు గోదాము నుంచి తెప్పించగానే బిల్లు రాయలేదు. ప్రతి టైరునూ దొర్లించి, సైడ్‌వాల్ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో ఉన్న నాలుగు అంకెలు వెతికి, సుద్దముక్కతో గీసి నాకు చూపించాడు. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2325 అని ఉంటే 2025లో 23వ వారంలో తయారైనట్టు. ఐదింటిలో ఒకటి మిగతా వాటికన్నా ఏడాది పాతది. నేను అడగకముందే, "ఇది వద్దు డాక్టరమ్మగారూ, మీరు ఎక్కువ తిరుగుతారు" అని పక్కన పెట్టించి వేరేది తెప్పించాడు. అందుకోసం మధ్యాహ్నం దాకా ఆగాల్సి వచ్చింది, సంతోషంగా ఆగాను. టైరు మీదున్న పసుపు చుక్కను గాలి కొట్టే వాల్వు పక్కకు వచ్చేలా ఎక్కించాడు. టైరు తేలికగా ఉన్న చోటును ఆ చుక్క చూపిస్తుంది, వాల్వు బరువు దాన్ని సరిచేస్తుంది. ఆ తర్వాత బ్యాలెన్సింగ్‌కు రిమ్ముకు పెట్టాల్సిన బరువు ముక్కలు చాలా తక్కువయ్యాయి. బోల్టులు గన్‌తో బిగించి వదిలేయకుండా చివరి తిప్పు, బిగింపు ఎంతో కొలిచే టార్కు పానాతో చేత్తో బిగించాడు. ముందూ వెనకా రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసులున్న ఈ బండికి చక్రం బ్యాలెన్సు చెడితే స్టీరింగు వణుకు వెంటనే చేతికి తెలుస్తుంది. హైవే మీద నాకు ఇప్పటిదాకా ఆ వణుకు రాలేదు. నైట్రోజన్ నింపమంటారా అని అడిగాడు, వద్దన్నాను. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. దానికన్నా నెలకు రెండుసార్లు గాలి చూసుకోవడం ఎక్కువ మేలు చేస్తుంది.

ధర గురించి ఒక్క మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఐదు టైర్లు కొనేవాళ్లకు అది కనిపించే తేడా. పాత ధరల పట్టిక చూపించే దుకాణంలో బిల్లు మీద పన్ను శాతం చదివి గానీ డబ్బు ఇవ్వకండి. అదే కొలతలో హెచ్‌టీ కన్నా ఏటీకి, ఏటీ కన్నా ఎంటీకి సాధారణంగా ఎక్కువే పెట్టాలి. తారు మీద వేగంగా అరిగేవి కూడా ఆ ఎక్కువ ధర పెట్టిన దిమ్మెల టైర్లే కావచ్చు కనుక, లెక్క రెండుసార్లు వేసుకోండి.

కొత్త హెచ్‌టీ మీద నాకు కనిపించిన పరిమితి ఒకటుంది. దాని సైడ్‌వాల్ పలుచన. వాగు దారిలో పదునైన రాయి పక్కనుంచి గుచ్చుకుంటే ట్రెడ్ మీద పంక్చరులా అతుకు వేయడం కుదరదు, టైరు పోయినట్టే. అందుకే రాళ్ల దారిలో చక్రాన్ని రాయి మీదకు ఎక్కిస్తాను, రాయి పక్కనుంచి రాసుకుంటూ పోనివ్వను. పాడేరు వైపు వెళ్లినప్పుడు బండి ఎక్కేముందు నాలుగు చక్రాల చుట్టూ తిరిగి, గాడుల్లో ఇరుక్కున్న రాళ్లను స్క్రూడ్రైవర్‌తో తీసేస్తాను.

మేనల్లుడు తన 235లు అమ్మకానికి పెట్టాడు. పాడేరులో కాఫీ తోట ఉన్న ఒకాయన, ఆరు అంగుళాల రిమ్ములున్న పాత జీపు కోసం వాటిని అడుగుతున్నాడు, ఆ జీపు తోట దాటి బయటికి రాదు. మేనల్లుడి బండికి 195లో హెచ్‌టీయా, 215లో ఏటీయా అన్నది ఇంకా తేల్చుకోలేదు. వాడి ఉద్యోగం అచ్యుతాపురంలో, ఇల్లు అనకాపల్లిలో, దారి మొత్తం తారే. హెచ్‌టీయే వేయించమని నేను చెప్పాను.